సోమవారం ఉతుకు

ఆగస్టు 4, సోమవారం

దొరికింది!

మా ఆవిడ ఆర్డిస్ వాళ్ళమ్మ ఇంట్లో ఉండేదే. అదే కంపెనీ, అదే నమూనా వాషింగ్ మెషీన్. నాలుగు కాళ్ళ గుండ్రటి తెల్ల తొట్టి, పైన బట్టలు పిండే రెండు రబ్బరు రోలర్లు. వేలానికొచ్చిన పొలంలో, కోళ్ళ కొట్టం మూల, ఏళ్ళ తరబడి నెత్తిన రెట్ట మోస్తూ కూర్చునుంది. పాత మెషీన్లు సేకరించే మా సంఘంలోని డెల్మర్, నేనూ కలిసి దాన్ని ట్రక్కులోకి ఎక్కించేసరికి నడుములు పడిపోయాయి.

“నీ షెడ్డులో కాలు పెట్టడానికి చోటు లేదు. మళ్ళీ ఈ ముసల్దాన్ని ఎందుకురా మోసుకొస్తున్నావు?” అన్నాడు డెల్మర్.

“పోయిన నెల నువ్వు తెచ్చుకున్న గులాబీరంగు డ్రయ్యర్ పడుచుపిల్లా ఏమన్నా?” అన్నాను.

ఇది నలుగురికీ చూపించుకోవడానికి తెచ్చింది కాదని వాడికి చెప్పలేదు. ఇది ఆర్డిస్ కోసం. తనకి నిన్నటి సంగతి గుర్తుండటం లేదు గానీ, చిన్నప్పుడు అమ్మ పక్కన నిలబడి బట్టలుతికిన సోమవారాలు మాత్రం నిన్న మొన్నటివిలా చెబుతుంది. ఆ మెషీన్ ముందు నిలబడితే మిగతావి కూడా ఒకటొకటే తిరిగొస్తాయని నా నమ్మకం. నా బతుకంతా ఈ చుట్టుపక్కల పొలాల్లో ఇంటింటికీ తిరిగి వాషింగ్ మెషీన్లు బాగుచేశాను. ఆగిపోయినదాన్ని మళ్ళీ నడిపించడం నాకు చేతకాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది?

ఆగస్టు 6

ఆర్డిస్ నన్ను “నాన్నా” అని పిలిచింది. నిద్రమత్తు.

ఆగస్టు 10, ఆదివారం

చర్చి అయ్యాక కరీన్ వచ్చింది. హామ్, జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపలు తెచ్చింది. కూతురు తెచ్చింది కదా అని సంతోషంగా తింటూంటే, ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. లోపల వెన్న పక్కన వాళ్ళమ్మ చెప్పులు.

“నాన్నా, ఇలా ఎన్నాళ్ళు?”

“చెప్పులు చల్లగా ఉంటే నీకేం నష్టం?” అన్నాను. నవ్వలేదు.

“పోయిన వారం అమ్మ స్టవ్ వెలిగించి మర్చిపోయింది. నువ్వు షెడ్డులో ఉన్నావు.”

“పొగ వాసన రాగానే పరిగెత్తుకొచ్చానుగా.”

“అంటే పొగ వచ్చేదాకా రాలేదన్నమాట.”

అచ్చం తల్లి నోరే దానిది. పట్నంలో మతిమరుపు వాళ్ళ కోసం కట్టిన హోమ్‌లో ఒక మంచం ఖాళీ అవుతోందట. తాళం వేసే వార్డు. కాగితాలు తెచ్చి సంచిలో పెట్టుకునే ఉంది. ఆర్డిస్ కిటికీ దగ్గర కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది, ఎవరో చుట్టాలు పోట్లాడుకుంటున్నట్టు.

చివరికి బతిమాలాను. సెప్టెంబర్‌లో మన షెడ్డులో సంఘం వాళ్ళంతా చేరి పాత మెషీన్లన్నీ నడిపే ఉతుకు పండగ ఉంది కదా, ఆ రోజు వచ్చి చూడు, మీ అమ్మ అందరి మధ్యా ఎంత చక్కగా మసులుతుందో నీ కళ్ళతో నువ్వే చూడు అన్నాను. ఆ రోజు ఏ గొడవా లేకుండా గడిస్తే చలికాలం అంతా ఆర్డిస్ ఇంట్లోనే. లేకపోతే హోమ్. కరీన్ చాలాసేపు ఆలోచించి సరే అంది.

“కానీ నాన్నా, ఆ రోజు తర్వాత ఇంకో బేరం ఉండదు.”

ఆగస్టు 18, సోమవారం

తొట్టి మెరిసిపోతోంది. మోటారు విప్పి, తుడిచి, గ్రీజు వేసి బిగించాను. పాత రోలర్ల రబ్బరు రాయిలా గట్టిపడిపోయింది. వాటికి కొత్త రబ్బరు పోయించాను. ఇప్పుడు అవి పట్టుకుంటే తడి దుప్పటైనా సగం ఆరిపోయి బయటికొస్తుంది. ఇంత పట్టున్న రోలర్లు మా సంఘంలో ఎవరి దగ్గరా లేవు. డెల్మర్ చూసి ఈర్ష్యతో చచ్చిపోవాలి.

ఆర్డిస్ కాఫీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. కప్పులో కాఫీ లేదు, వట్టి వేడినీళ్ళే. పోనీ. మెషీన్ చూసి ఆగింది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, తొట్టి అంచు మీద చెయ్యి వేసి, “ఇవాళ సోమవారమా?” అంది.

సోమవారమే! దేవుడా, సోమవారమే!

ఆగస్టు 25, సోమవారం

ఎంతో కాలానికి ఈ ఇంట్లో ఒక మంచి రోజు వచ్చింది.

నేను వేడినీళ్ళు పోసి స్విచ్ వేశానంతే. మిగతాదంతా తనే చేసింది. ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివర నా పని బట్టలు. కర్రతో దుప్పటి పైకెత్తి, నీళ్ళు కారనిచ్చి, అంచు మడిచి, రోలర్లకి అందించి, అవతల జాడించే తొట్టిలో నీలిమందు కలిపి... ఎవరూ చెప్పలేదు. చేతులకే తెలుసు. పని చేస్తున్నంతసేపూ వాళ్ళమ్మ గురించీ, అక్క లవోన్ గురించీ చెబుతూనే ఉంది. ఒక సందర్భంలో నా వైపు తిరిగి, “వెర్లిన్, అలా నిలబడి చూడకపోతే క్లిప్పులు అందించకూడదూ?” అంది.

వెర్లిన్ అంది! నేను తల పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఈ మాట కరీన్‌కి ఫోన్ చేసి చెప్పాను. “మంచిది నాన్నా” అంది. అంతే. ఆ పిల్లకి సంతోషపడటం చేతకాదు.

ఒక్కటే చిక్కు. రోలర్ల మీద అడ్డంగా ఇనప పట్టీ ఉంది కదా, చెయ్యో గుడ్డో ఇరుక్కుంటే కొట్టేది. ఆర్డిస్ ప్రతిసారీ కొత్త విడత బట్టలు పెట్టబోయే ముందు ఆ పట్టీ మీద అరచేత్తో గట్టిగా ఒక్కటిస్తోంది. పై రోలర్ టక్కున పైకి లేచి ఊడినట్టవుతుంది. నేను మళ్ళీ బిగించాలి. తెల్లవాటికి ఒకసారి, రంగువాటికి ఒకసారి, నా ప్యాంట్లకి ఒకసారి. పాపం, అయోమయంలో చెయ్యి ఎక్కడ పడుతోందో తెలియటం లేదు. పోనీలే.

సెప్టెంబర్ 1, సోమవారం

మళ్ళీ అదే. పట్టీ కొట్టడం, రోలర్ ఎగరడం, నేను బిగించడం. వద్దని చెప్పాను. చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకి తీశాను. “కొట్టకపోతే అమ్మ తిడుతుంది” అంది. మీ అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది ఆర్డిస్ అన్నాను. అనకుండా ఉండాల్సింది. అక్కడే తడి దుప్పటి పట్టుకుని ఏడ్చింది, అప్పుడే కబురు తెలిసినట్టు.

సెప్టెంబర్ 3

ఉతుకు పండగ రోజు అందరి ముందూ ఇలా చేస్తే? కరీన్ చూస్తుంది. మొదటిసారి రోలర్ ఎగరగానే దాని మొహం ఎలా మారుతుందో నాకు ఇప్పుడే కనపడుతోంది.

సెప్టెంబర్ 8, సోమవారం

ఉపాయం తట్టింది. పట్టీ వెనక గొళ్ళెం ఉన్నచోట ఒక చిన్న బోల్టు దూర్చాను. ఇప్పుడు ఎంత కొట్టినా రోలర్ లేవదు. బయటికి కనపడను కూడా కనపడదు.

తెలుసు. నాకు తెలియదా? ఆ పట్టీని తీగతో కట్టేసుకున్న ఇళ్ళలో ఎంతమంది ఇల్లాళ్ళని తిట్టానో. “అమ్మా, ఇది నీ చెయ్యి కాపాడటానికి పెట్టింది, నీ ప్రాణం విసిగించడానికి కాదు” అని చెప్పి, తీగ తెంపి, నా జేబులో వేసుకుని వచ్చేవాణ్ణి. కానీ వాళ్ళు ఒంటరిగా ఉతికేవాళ్ళు. ఇక్కడ నేను పక్కనే ఉంటాను. చెయ్యి చాపితే ప్లగ్గు. ఒక్క రోజు కోసం. పండగ అవగానే తీసేస్తాను.

సెప్టెంబర్ 15, సోమవారం

రిహార్సల్ బ్రహ్మాండంగా జరిగింది.

ఆర్డిస్ పట్టీ కొట్టింది, ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టింది. తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత నా మొహంలోకి చూసింది. దుప్పటి చేతిలోనే ఉంది గానీ రోలర్ల దగ్గరికి తీసుకెళ్ళలేదు.

“సరిగ్గానే ఉంది. నేనున్నాగా, కానివ్వు” అన్నాను.

కానిచ్చింది. నా మాట మీద ఎంత నమ్మకమో. ఒక్క తడబాటు లేకుండా బుట్టెడు బట్టలు పిండేసింది. తర్వాత నీలంరంగు డ్రయ్యర్ ముందు కుర్చీ వేసుకుని, గుండ్రటి అద్దంలోంచి తువ్వాళ్ళు తిరగడం చూస్తూ కూర్చుంది. కరీన్, నువ్వు కాగితాలు మడిచి సంచిలోనే పెట్టుకో తల్లీ.

సెప్టెంబర్ 20, శనివారం

ఆస్పత్రి.

సెప్టెంబర్ 21, ఆదివారం

కరీన్ ఆస్పత్రిలోనే ఉంది. నన్ను ఇంటికెళ్ళి స్నానం చేసి రమ్మంది. చొక్కా చేతులకి నెత్తురు. నాది కాదు.

ఎలా జరిగిందో ఒకచోట రాసి పెట్టుకోవాలి. లేకపోతే తర్వాత అందరూ తలా ఒక మాట అంటారు.

నిన్న పండగకి వాతావరణం బాగుంది. షెడ్డు నిండా జనం. ఎప్పటిలాగే వారాల తరబడి ఉతక్కుండా దాచుకున్న మాసిన బట్టలు కార్ల నిండా వేసుకుని వచ్చారు. అన్ని మెషీన్లూ ఒకేసారి తిరుగుతున్నాయి, మూతలు తీసి అందరూ లోపలికి వంగి చూస్తున్నారు. కరీన్ వాళ్ళమ్మ వెనకే నిలబడి ఉంది. ఆర్డిస్ పూల ఏప్రన్ కట్టుకుంది. చుట్టూ పదిమంది చేరారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఒహాయో నుంచి వచ్చినాయన కొత్త రబ్బరు ఎవరి చేత పోయించావని అడిగితే నేను రెండడుగులు పక్కకెళ్ళి చెబుతున్నాను.

దుప్పటి అంచు ఆమె వేళ్ళకి చుట్టుకుంది. కుడి చెయ్యి లోపలికి వెళ్ళింది. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి. రోలర్లు మోచేతి దగ్గర ఆగి అక్కడే తిరుగుతూ ఉన్నాయి, చర్మం మీద. ఆర్డిస్ భయంతో ఎడమ చేత్తో మెషీన్‌ని పిచ్చిగా గుద్దుతోంది. డెల్మర్ దూకి వచ్చి ప్లగ్గు పీకాడు. పైనున్న బిగింపు మర తిప్పి రోలర్ లేపేదాకా చెయ్యి రాలేదు.

తప్పు ఎవరిదీ కాదు. అయోమయంలో చెయ్యి పెట్టేసింది. డాక్టరుకీ అదే చెప్పాను.

సెప్టెంబర్ 22

బోల్టు తీసేశాను. మామూలుగానే పండగ అవగానే తీసేద్దామనుకున్నదే.

సెప్టెంబర్ 26

రెండో ఆపరేషన్. చర్మం తొడ మీంచి తీసి వేశారు. కండ చచ్చిపోయిందట. చెయ్యి ఉంటుంది గానీ వేళ్ళు ముడుచుకోవు అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేను కూర్చుని రోలర్ల రబ్బరు మరీ మెత్తగా పోయించానా అని ఆలోచిస్తున్నాను.

ఒక నర్సు కూర్చోబెట్టి అడిగింది, ఇంట్లో ఇంతకుముందు ఇలా ఏమైనా చేసిందా అని. స్టవ్ సంగతి చెప్పాను. దేన్లోనైనా చెయ్యి పెట్టేస్తుంది, ఏం చేస్తుందో తనకే తెలియదు అని చెప్పాను. కరీన్ నా భుజం మీద చెయ్యి వేసింది. చాలా రోజుల తర్వాత వేసింది. హాయిగా అనిపించింది. నిజంగానే హాయిగా అనిపించింది.

అక్టోబర్ 2

ఆర్డిస్‌ని ఆస్పత్రి నుంచి నేరుగా హోమ్‌కి తీసుకెళ్ళారు. కాగితాల మీద నేనే సంతకం పెట్టాను. ఇంక ఏ మొహం పెట్టుకుని వద్దంటాను?

అక్టోబర్ 5, ఆదివారం

ఇల్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. షెడ్డుకి తాళం వేశాను.

అక్టోబర్ 9

డెల్మర్ వచ్చాడు. కాఫీ పెడతానంటే వద్దన్నాడు. వంటింట్లో టోపీ తియ్యకుండా నిలబడ్డాడు.

“ప్లగ్గు పీకే ముందు పట్టీ కొట్టాను వెర్లిన్. కదల్లేదు.”

“పాతది కదా. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది.”

“నువ్వు బాగుచేసిన మెషీన్లో తుప్పా?” అన్నాడు. “వెనక బోల్టు చూశానురా నేను. మర తిప్పడానికి వంగినప్పుడు చూశాను.”

నేను కిటికీలోంచి షెడ్డు వైపు చూశాను. వాడే అన్నాడు, “ఎవరికీ చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట. కానీ నువ్వు చెప్పేదాకా నాకు ఫోన్ చెయ్యకు.”

పెద్ద నీతిమంతుడు బయల్దేరాడు. వాడి గులాబీరంగు డ్రయ్యర్‌కి తలుపు తీస్తే ఆగే స్విచ్ ఉందా? లేదు. లోపల తిరగడం కనపడాలని వాడే పీకేశాడు. మా సంఘంలో మూత స్విచ్ పీకనివాడు ఎవడో చూపించమనండి. చూడటానికే కదా మేమంతా చేరేది.

అక్టోబర్ 12, ఆదివారం

హోమ్‌కి వెళ్ళాను. ఆర్డిస్ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. కుడి చేతికి కట్టు. ఎడమ చేతికి, బాగున్న చేతికి, పెద్ద మెత్తటి తొడుగు. వేళ్ళన్నీ ఒకే సంచిలో పెట్టి మణికట్టు దగ్గర పట్టీతో బిగించారు. తను దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తోంది.

“ఇదెందుకమ్మా?” అని నర్సుని అడిగాను.

“ఆమె మంచికే సార్. దేన్లో పడితే దాన్లో చెయ్యి పెడుతుందని మీరే చెప్పారుగా.”

“అన్నం తినేటప్పుడైనా తియ్యరా?”

“మేమే తినిపిస్తాం సార్. ఏం ఇబ్బంది లేదు.”

పాలు కలిపిన గంజిలాంటిదేదో చెంచాతో నోట్లో పెట్టింది. ఆర్డిస్ నోరు తెరిచింది. నలభై మంది వచ్చిన చర్చి విందుకి ఒంటి చేత్తో వండి పెట్టిన మనిషి.

అక్టోబర్ 14

మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

లవోన్ వదిన మిన్నెసోటా నుంచి ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. చెల్లెల్ని చూసి వచ్చి, మా వంటింట్లో బల్ల ముందు కూలబడింది. ఎనభై ఏళ్ళ మనిషి. ఇంతవరకూ ఆమె కళ్ళలో నీళ్ళు చూడలేదు నేను, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా.

“నాకు అర్థం కానిది ఒకటుందయ్యా వెర్లిన్,” అంది. “అది పట్టీ కొట్టలేదా?”

“ఏం పట్టీ వదినా?”

“అదేనయ్యా, మెషీన్ మీది పట్టీ. మా అమ్మ చేతి మీద మచ్చ నువ్వు చూశావుగా, మోచేతి దాకా. అమ్మ కొత్తగా పెళ్ళయినప్పుడు రోలర్లు లాగేశాయి. అప్పుడు పట్టీ పనిచెయ్యలేదు. అందుకని మాకు ఆ మచ్చ చూపించి మరీ నేర్పింది. గుడ్డ పెట్టే ముందు పట్టీ కొట్టి చూడాలి. రోలర్ లేస్తే మళ్ళీ బిగించుకుని అప్పుడు పెట్టాలి. లేవకపోతే ఆ రోజు ఉతుకే లేదు. మర్చిపోతే చెక్క గరిటెతో వేళ్ళ మీద ఇచ్చేది. నేను లెక్కలేనన్ని సార్లు తిన్నాను. ఆర్డిస్ ఒక్కసారీ తినలేదు. అది ఒక్క సోమవారం కూడా మర్చిపోలేదయ్యా.”

నేను కాఫీ కప్పు పట్టుకునే ఉన్నాను.

“చెప్పు. కొట్టలేదా?”

“లేదు వదినా,” అన్నాను. “మర్చిపోయింది.”

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. లవోన్ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. “అయ్యో,” అంది. “అది కూడా పోయిందా దానికి. అదొక్కటి మిగులుతుందనుకున్నాను.” ఎంత ఏడ్చిందో. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారే. నేను కళ్ళు తెరుచుకునే తాగాను.

అక్టోబర్ 20, సోమవారం

ఇక్కడైనా రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

ఆర్డిస్ పట్టీ కొట్టింది. పండగ రోజు అందరి ముందూ కొట్టింది. లేవలేదు. మళ్ళీ కొట్టింది. లేవలేదు. దుప్పటి పట్టుకుని నా కోసం తల తిప్పి వెతికింది. నేను ఒహాయో ఆయనతో రబ్బరు గురించి గొప్పలు చెప్పుకుంటూ, ఇటు తిరిగి చెయ్యి ఊపాను. కానివ్వు అని. కరీన్ చూస్తోంది, త్వరగా కానివ్వు అని. అప్పుడు పెట్టింది.

చెయ్యి ఇరుక్కున్నాక పిచ్చిగా గుద్దింది అని రాశాను. పిచ్చి కాదు. పట్టీనే కొడుతోంది. ఎడమ చేత్తో, ఎక్కడ కొట్టాలో సరిగ్గా అక్కడే కొడుతోంది. చెయ్యి నలుగుతున్నా గురి తప్పలేదు. ఆ షెడ్డులో ఆ రోజు చెయ్యాల్సింది చేసిన మనిషి ఆమె ఒక్కతే. మతి పోయింది నాకు. ఆ ఎడమ చేతికి ఇప్పుడు తొడుగు వేసి కట్టారు, నేను చెప్పిన మాట విని.

అక్టోబర్ 22

వాన. మొక్కజొన్న కోతలు ఆగిపోయాయి.

అక్టోబర్ 23

చెబితే కరీన్ నన్ను ఆ గడప తొక్కనివ్వదు. చెప్పకపోతే ప్రతి ఆదివారం వెళ్ళి ఆర్డిస్ పక్కన కూర్చోవచ్చు. తొడుగు వేసిన చెయ్యి పట్టుకుని.

తొడుగు ఎలాగూ ఉంచుతారేమో. మతిమరుపు వాళ్ళందరికీ వేస్తారేమో. కరీన్‌కి మాత్రం తెలిస్తే ఏమొస్తుంది, బాధ తప్ప.

అక్టోబర్ 26, ఆదివారం

వెళ్ళాను. ఇంకెవరికీ తొడుగులు లేవు. వార్డంతా తిరిగి చూశాను. అందరి చేతులూ బయటే ఉన్నాయి. ఒకావిడ పేకముక్కలు కలుపుతోంది. ఒకాయన తన బొత్తాలు పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నాడు. ఆర్డిస్ ఒక్కదానికే.

మణికట్టు దగ్గర పట్టీ ఒరుసుకుని ఎర్రగా కందిపోయింది. ముక్కు దురద పెట్టిందేమో, ఆ మెత్తటి సంచితో మొహం రుద్దుకుంటోంది.

అక్టోబర్ 27, సోమవారం

చెప్పాను.

కరీన్ ఇంటికే వెళ్ళాను. గిన్నెలు కడుగుతోంది. కూర్చోమంది, కూర్చోలేదు. కూర్చుంటే నోరు పెగలదని భయం. బోల్టు సంగతి చెప్పాను. నువ్వు వస్తున్నావనే పెట్టాను అని కూడా చెప్పేశాను. అది చెప్పకూడదేమో. పిల్ల మీదికి నెట్టినట్టయింది. కానీ నిజం అదే.

నీళ్ళ కుళాయి అలాగే పారుతోంది. కట్టలేదు.

“అమ్మ నీ వైపు చూసింది,” అంది. “నేను వెనకే ఉన్నాను కదా. ఎందుకు చూస్తోందా అనుకున్నాను.”

“అవును.”

“నువ్వు చెయ్యి ఊపావు.”

“అవును.”

“డాక్టరుతో, నర్సుతో, పెద్దమ్మతో, అందరితో అమ్మకి మతి లేదని చెప్పావు.”

“అవును కరీన్.”

“ఆ రోజు ఆస్పత్రిలో నేను నిన్ను ఓదార్చాను నాన్నా.” కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, కోటు తీసుకుంది. “హోమ్‌కి వెళ్తున్నాను. ఆ తొడుగు తీయించాలి. నువ్వు రావద్దు.”

దారిలో ఆగి డెల్మర్‌కి ఫోన్ చేశాను. చెప్పేశానని చెప్పాను. “సరే,” అన్నాడు. “తిన్నావా?” అని అడిగాడు. తినలేదన్నాను. వచ్చెయ్యమన్నాడు. వెళ్ళలేదు.

అక్టోబర్ 30

లవోన్ వదినకి ఫోన్ చేశాను. మొత్తం విన్నది. “అయితే దానికి గుర్తుంది,” అంది. అదే మాట రెండుసార్లు అంది. నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టకుండా ఫోన్ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

నవంబర్ 4

ఆర్డిస్ విషయాలన్నీ ఇకమీదట కరీన్ చూసుకుంటుంది. కోర్టు కాగితాలు వచ్చాయి. కరీన్ తోడు లేకుండా నేను వార్డులోకి వెళ్ళకూడదు. సంతకం పెట్టాను.

నవంబర్ 7

కరీన్ ఫోన్ చేసింది. ఆదివారం తీసుకెళ్తానంది. “పది నిమిషాలు. నీ కోసం కాదు, అమ్మ ఎవరి కోసమో తలుపు వైపు చూస్తూ ఉంటుందని చెబుతున్నారు, అందుకు.”

నవంబర్ 9, ఆదివారం

కోటు వేసుకున్నాను, గడ్డం గీసుకున్నాను, పెళ్ళినాటి టై కట్టుకున్నాను. మంచు పడుతోంది. కరీన్ కారులో వెళ్ళాం.

ఆర్డిస్ బల్ల ముందు కూర్చుని ఉంది. తొడుగు లేదు. హోమ్ వాళ్ళు ఒక బుట్టెడు ఉతికిన తువ్వాళ్ళు ముందు పెట్టారు. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, ఎడమ చేత్తో అంచు అంచుకి కలిపి, బల్ల మీద పరిచి, మడిచి, అరచేత్తో ఒకసారి అదిమి, దొంతర మీద పెడుతోంది. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. దొంతర తాడు పట్టి పేర్చినట్టుంది.

“అమ్మా, ఎవరొచ్చారో చూడు,” అంది కరీన్.

తలెత్తి చూసింది. మర్యాదగా నవ్వింది, చర్చిలో కొత్తవాళ్ళని చూసి నవ్వినట్టు. “రండి, కూర్చోండి,” అంది. “మీరెవరో పోల్చుకోలేకపోయానండీ.”

“వెర్లిన్‌ని,” అన్నాను.

“మంచి పేరు,” అంది. ఇంకేం లేదు ఆ మొహంలో. కోపం లేదు, గుర్తు లేదు. నా గుండె ఒక్కసారి తేలికపడింది. ఆ సంగతి దాచడం ఎందుకు, తేలికపడింది. మర్చిపోయిందనుకున్నాను. ఎదురుగా కుర్చీలో కూర్చుని, పలకరింపుగా చెయ్యి చాపాను.

ఆర్డిస్ నవ్వుతూనే ఉంది. కానీ ఆ ఎడమ చెయ్యి తువ్వాలు వదిలేసి వెనక్కి జారింది. బల్ల కిందికి, ఏప్రన్ కిందికి, పూర్తిగా కనపడకుండా వెళ్ళిపోయింది. ఎందుకు దాస్తోందో ఆమెకే తెలియదు. తన చెయ్యి ఎక్కడికి పోయిందా అన్నట్టు ఒకసారి కిందికి చూసుకుంది కూడా.

కరీన్ చూసింది. నేనూ చూశాను.

నేను నా చేతులు రెండూ తీసి కోటు జేబుల్లో పెట్టుకున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పుడు గాని ఆమె మళ్ళీ తువ్వాలు అందుకోలేదు.